వాన గీతలు, ప్రష్యన్ నీలం: ఒక జపాన్ చెక్క అచ్చు ప్రాజెక్టు డైరీ

మే చివరి వారం

జపాన్ చిత్రకారుడు హిరోషిగే 1857లో వేసిన వంతెన మీద వాన బొమ్మ ఉంది కదా, అందులో ఒక మూలను పోస్ట్‌కార్డు సైజులో చెక్కి అచ్చు వెయ్యాలన్నది పథకం. బొమ్మ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎడో నగరం, అంటే ఇవాళ్టి టోక్యో. సుమిదా నది మీద కర్ర వంతెన. ఉన్నట్టుండి వాన దంచేస్తోంది. గొడుగులు విప్పుకున్నవాళ్లు కొందరు, ఒక్క గొడుగు కిందే ఇరుక్కున్నవాళ్లు కొందరు, గడ్డి చాప నెత్తిన కప్పుకుని పరిగెత్తేవాడొకడు. నదిలో మాత్రం ఒక మనిషి తాపీగా దుంగల తెప్ప నడుపుకుంటూ పోతున్నాడు. ఎడోలో పేరున్న చోట్లన్నీ బొమ్మలుగా తేవాలని 1856లో మొదలైన వరసలోది ఇది. 1858లో హిరోషిగే పోయేదాకా ఆ వరస సాగింది.

ఆ కాలపు ఇంకో చిత్రకారుడు హొకుసాయ్ వేసిన పెద్ద అల బొమ్మ ఎందుకు చెయ్యవని ఇంట్లో అడిగారు. అది ఫోన్ కవర్ల మీద ఉంది, టీషర్టుల మీద ఉంది, 2024 జూలై నుంచి జపాన్ వెయ్యి యెన్ల నోటు వెనక కూడా ఉంది. అందరికీ కంఠతా వచ్చిన బొమ్మ చేస్తే గీత పక్కకి పోయిన ప్రతిచోటా దొరికిపోతాం. పైగా ఆ నురగ గోళ్లు చెక్కే చెయ్యి నాకింకా రాలేదు.

ఇంతకీ హొకుసాయ్ బొమ్మ, హిరోషిగే బొమ్మ అంటాం గానీ, వాటి వెనక నలుగురు ఉన్నారు. డబ్బు పెట్టి, ఏ బొమ్మ అమ్ముడవుతుందో లెక్కలు వేసుకునే ప్రచురణకర్త. గీసే చిత్రకారుడు. చెక్కేవాడు. అచ్చు వేసేవాడు. చిత్రకారుడు సన్నటి కాగితం మీద నల్ల సిరాతో గీసి ఇస్తాడు. దాన్ని బోర్లా తిప్పి చెక్కకు అతికించి, వెనక పొరను వేలితో రుద్ది తీసేసి, గీత కనపడ్డాక కాగితంతో సహా చెక్కేస్తారు. అంటే బొమ్మ అచ్చయిందంటే అసలు గీత పోయినట్టే. 2020లో బ్రిటిష్ మ్యూజియం హొకుసాయ్ గీసిన 103 చిన్న బొమ్మలు కొన్నది. అవి ఇన్నాళ్లూ మిగిలాయంటే ఆ పుస్తకం అచ్చుకు వెళ్లకపోవడం వల్లే.

రంగుల సంగతీ అంతే. ఏ చోట ఏ రంగు అన్నది చిత్రకారుడు చెబుతాడు. కాగితం మీద రంగు వేసేది వేరే చెయ్యి.

బొమ్మ ట్రేస్ చేస్తుంటే చిన్న చిన్న ముద్రలు కనిపించాయి. ఒకటి సర్కారు పరిశీలించి వదిలిందని చెప్పే ముద్ర, ఇంకోటి నెల చెప్పేది. 1790 నుంచి అమ్మకానికి పోయే బొమ్మకు అనుమతి ముద్ర తప్పనిసరి. అది ఉత్త లాంఛనం కాదు. అందగత్తెల బొమ్మలకు పేరుపడ్డ ఉతమారో 1804లో హిదెయోషి అనే పాత పాలకుణ్ణి బొమ్మల్లోకి లాగినందుకు 50 రోజులు చేతులకు బేడీలతో గడిపాడు. రెండేళ్లకు పోయాడు. నా ముక్కలో ముద్రలకు చోటు లేదు, వదిలేశాను.

జూన్

చెక్క వేట. జపాన్‌లో అడవి చెర్రీ మాను వాడతారు. గట్టిది, నార సన్నం, నీళ్లు తగిలినా అంత తొందరగా వంకర పోదు. మానును నిలువునా కోసిన పలక మీదే చెక్కుతారు. అది మనకు దొరికే సరుకు కాదు.

మా వడ్రంగి బాబాయ్ టేకు తీసుకోమన్నాడు. టేకు గట్టిదే, కానీ దాని నారలో గుంటలు కంటికే కనిపిస్తాయి. పెద్ద రంగు పట్టీకి ఆ గుంటలు శోభే. హిరోషిగే కాలంలోనే ఆకాశం దగ్గర, నీళ్ల దగ్గర చెక్క నార కావాలని కనిపించేట్టు అచ్చు వేసేవాళ్లు. సన్న గీతకు మాత్రం అదే గుంట శత్రువు. కొండపల్లి బొమ్మల పొణికి మరీ మెత్తన, గీత నిలబడదు. చివరికి ఏటికొప్పాక లక్క బొమ్మల అంకుడు కర్ర దగ్గర ఆగాను. తెల్లగా, నున్నగా, నార ఉందో లేదో అన్నట్టుంటుంది. అంకుడు చెట్టు పెద్దగా లావెక్కదు కాబట్టి వెడల్పు పలక రాదు. పోస్ట్‌కార్డు సైజు అనుకున్నది అందుకే. విశాఖ నుంచి ఏటికొప్పాక ఎంతో దూరం కాదు. బాగా ఆరిన ముక్కలు తెచ్చుకుని చిత్రిక పట్టించాను. రంగు అచ్చులకు ప్లైవుడ్‌తో సరిపెట్టుకుంటున్నాను.

ఇక చెక్కడం. కత్తిని పెన్సిల్‌లా పట్టుకోరు. పిడికిట్లో బిగించి, మొన కిందకి పెట్టి, మన వైపుకు లాగాలి. రెండో చేతి వేలు మొన పక్కన ఆనించి దారి చూపాలి. గీతకు ఆనుకుని మొదటి కోత. పిడి గీత వైపు వాలాలి, అప్పుడే గీత పైన సన్నగా, అడుగున వెడల్పుగా నిలుస్తుంది. పలక తిప్పి రెండో పక్క అదే పని. తర్వాత కాస్త ఎడంగా, ఎదురు వాలుతో ఇంకో కోత. రెండు కోతలూ లోపల కలిస్తే సన్నటి పేడు తనంతట తాను లేచి వస్తుంది. కలవలేదా, కదలదు. బలవంతాన లాగితే గీతను కూడా పట్టుకుపోతుంది. గీతలన్నీ తేలాక మిగతా మైదానమంతా ఉలి, సుత్తితో ఖాళీ చెయ్యడం. అది కూలి పని. పాటలు పెట్టుకుని చెయ్యొచ్చు.

పాత వర్క్‌షాపుల్లో ఈ పనికీ అంతస్తులున్నాయి. ముఖం, జుట్టు చెక్కేవాడు పెద్ద మేస్త్రీ. బట్టలు, చెట్లు, ఇళ్లు కింది వాళ్లకి. ఉతమారో బొమ్మల్లో నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు చూడండి. చిత్రకారుడు అక్కడ ఒక్కో వెంట్రుకా గీసి ఇవ్వడు, పైపైన గుర్తు పెట్టి వదిలేస్తాడు. ఆ వెంట్రుకలు చెక్కేవాడి సొంతం. అతని పేరు బొమ్మ మీద ఉండటం చాలా అరుదు.

జూన్ నెలాఖరు, వాన

వానకు విడిగా రెండు అచ్చులు కావాలి. ఒకదానిలో గీతలు దాదాపు నిలువు, రెండోదానిలో కాస్త వాలు. రెండూ ఒకదాని మీద ఒకటి పడితేనే అది వాన. ఒక్కటే పడితే కాగితం మీద గీతలు గీసినట్టుంటుంది. నేను కంప్యూటర్‌లో పొరలు విడదీసి చూసుకున్నాను. వాలు గీతలు తీసేసిన క్షణం వాన ఆగిపోతుంది.

కాగితం మీద గీత కనిపించాలంటే చెక్క మీద గీత మిగలాలి, చుట్టూ ఉన్నదంతా పోవాలి. అంటే ప్రతి వాన ధారా ఒక సన్నటి గోడ. నార వెంట పోయే గోడ నిలుస్తుంది. నారకు అడ్డంపడ్డ గోడ గోరు తగిలినా పుటుక్కుమంటుంది. అందుకని వాన కురిసే దిక్కునే నార ఉండేట్టు ముక్క కోయించాను. పై నుంచి కింది దాకా ఒకే లాగులో కత్తి రావాలి. మధ్యలో ఆగితే ఆగినచోట చిన్న గాటు పడి, అచ్చులో ధార అక్కడ ముడిపడ్డట్టు కనిపిస్తుంది. కాబట్టి లాగబోయే ముందు ఊపిరి బిగబట్టడం, లాగాక వదలడం. ఫోన్ పక్క గదిలో పడేశాను.

కెంటో గుర్తులు కూడా ఇప్పుడే. అచ్చు ఒక మూలన ఎల్ ఆకారంలో గాటు, అదే అంచున కొంచెం దూరంలో తిన్నటి గాటు. కాగితం మూలను మొదటిదాంట్లో, అంచును రెండోదానికి ఆనిస్తే చాలు, ఎన్ని రంగులైనా ఒకేచోట కూర్చుంటాయి. గీతల అచ్చుతో కొన్ని కాగితాలు ఈ గుర్తులతో సహా తీసి, వాటినే రంగు పలకలకు అతికించి చెక్కుతారు. కొలతలు తీసే పని లేదు, టెన్షన్ లేదు.

ఈ గుర్తుల దన్నుతోనే 1765లో సుజుకి హరునోబు అనే చిత్రకారుడి దశ తిరిగింది. అంతకు ముందు రెండు మూడు రంగుల దాకే వెళ్లారు. ఆ ఏడు ఎడోలో డబ్బున్న కవిత్వప్రియులు కొత్త సంవత్సరానికి ఒకరికొకరు క్యాలెండర్ బొమ్మలు పంచుకోవాలనుకున్నారు. క్యాలెండర్లు అచ్చు వేసే హక్కు సర్కారు అనుమతి ఉన్నవాళ్లకే. అందుకని పెద్ద నెలలు (ముప్ఫై రోజులవి), చిన్న నెలల (ఇరవై తొమ్మిది రోజులవి) అంకెల్ని బొమ్మలో అమ్మాయి నడుం పట్టీ మీదో, బట్టల డిజైన్‌లోనో దాచేవాళ్లు. ఖర్చుకు వెనకాడే మనుషులు కాదు. రంగుకొక అచ్చు చొప్పున ఎన్నైనా చెక్కించారు. ఆ సరదా అయ్యాక ప్రచురణకర్తలు అంకెలు తీసేసి, అవే అచ్చులతో బజారులో అమ్ముకున్నారు.

జూలై, పెడన

బందరు వైపు పని పడితే పెడనలో ఆగాను. కలంకారీ అచ్చులు చెక్కే చోట కాసేపు కూర్చున్నాను. టేకు ముక్క మీద డిజైన్ దించుకుని, చిన్న ఉలితో లోతుగా తవ్వుతూ పోతున్నారు. గీత అచ్చు వేరు, లోపల రంగు నింపే అచ్చు వేరు. ఇంతవరకు రెండు ఊళ్ల పద్ధతీ ఒకటే. తేడా ఆ తర్వాత వస్తుంది. పెడనలో అచ్చు చేతిలో ఉంటుంది, గుడ్డ బల్ల మీద పరిచి ఉంటుంది. జపాన్‌లో అచ్చు కదలదు, కాగితమే వచ్చి దాని మీద పడుకుంటుంది.

చెక్కుతున్న పెద్దాయనకు ఇది చెప్పాను.

“అచ్చు కింద, కాగితం పైనా? మరి ఒత్తేదెట్టాగమ్మా?”

బ్యాగులోంచి బారెన్ తీసి ఇచ్చాను. అరచేతిలో పట్టే గుండ్రటి బిళ్ల. లోపల వెదురు పొరను సన్నగా చీల్చి పేనిన తాడు చుట్టలుగా ఉంటుంది, పైన వెదురు పొర లాగి కట్టి ఉంటుంది. నాది నేర్చుకునేవాళ్ల కోసం చేసే చవక రకం. ఆయన తిప్పి చూసి, తన తొడ మీద గుండ్రంగా రుద్దుకుని, “ఇంత తేలికదా?” అన్నాడు. తర్వాత నా అంకుడు ముక్క మీద వాన గీతల్ని గోటితో మెల్లగా తడిమి, “లోతు చాలదమ్మా, గుడ్డకైతే పనికిరాదు” అన్నాడు. నిజమే. గుడ్డ ఒత్తితే లోపలికి దిగుతుంది, కాగితం అంత దిగదు.

ఈ ఊరి చుట్టుపక్కల బట్టకూ జపాన్‌కూ పాత పరిచయమే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లకు మచిలీపట్నంలో వర్తక స్థావరం ఉండేది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు వాళ్ల ఓడల్లో నాగసాకి దాకా పోయాయి. జపాన్‌లో వాటిని సరస అన్నారు, టీ సామాన్ల సంచులకు వాడుకుంటూ దాచుకున్నారు, తర్వాత తామే అలాంటివి తయారుచేశారు.

బందరుకే ఇంకో దారిలో జపాన్ వచ్చింది, అచ్చుల్లో కాదు, నీటి రంగుల్లో. 1903లో జపాన్ చిత్రకారులు యొకొయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చినప్పుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ వాళ్ల తడి రంగుల పద్ధతి చూసి తన వాష్ పద్ధతి తయారుచేసుకున్నాడు. ఆ బెంగాల్ బాణీని ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు తెచ్చాడు. అక్కడ ఆయన దగ్గర నేర్చుకున్నవాడు అడివి బాపిరాజు.

జూలై రెండో సగం

కాగితం, రంగు, బ్రష్‌లు. కోజో కాగితం ఆన్‌లైన్‌లో తెప్పించాను. ధర చెప్పను, అమ్మ చదువుతుంది. ఇది మల్బరీ జాతి చెట్టు బెరడు నారతో చేసే కాగితం. నార పొడుగు కాబట్టి తడిలో ఎన్నిసార్లు రుద్దినా చిరగదు. రంగు పాకకుండా ముందు దానికి పూత పెట్టాలి. జంతువుల జిగురు, పటిక, గోరువెచ్చటి నీళ్లు, అంతే. పటిక ఎక్కువైతే కాగితం పెళుసు బారుతుంది, తక్కువైతే రంగు పాకుతుంది. నేను సరేసు బదులు బేకరీ సామాన్ల కొట్లో దొరికే జెలటిన్ వాడాను.

అచ్చు వేసే ముందు రోజు కాగితాలు తడిపి, తడి కాగితాల మధ్య పొరలు పొరలుగా పేర్చి, ప్లాస్టిక్‌లో చుట్టి ఉంచాలి. విశాఖ ఉక్కలో బయట ఉంచితే బూజు ఖాయం. ఫ్రిజ్‌లో కూరల అరలో పెట్టాను. పొద్దున్నే అమ్మ కట్ట బయటికి తీసి, “ఏమిటే ఇవి, పూతరేకులా?” అంది. కాదంటే నమ్మడానికి ఒక అంచు ఎత్తి చూసింది.

రంగు వేసే బ్రష్ గుర్రపు వెంట్రుకలది. బూట్ల పాలిష్‌కు వాడే కొత్త బ్రష్ బాగా సరిపోతుంది. కాకపోతే వెంట్రుకల కొసలు చీల్చాలి. జపాన్‌లో ఈ పనికి ఎండిన సొర చేప తోలు వాడతారు, దాని గరుకు మీద బ్రష్‌ను రుద్దితే కొసలు మెత్తబడతాయి. మా ఫిషింగ్ హార్బర్‌లో సొర తోలు అడిగితే, పులుసుకు ముక్కలు కావాలేమో అని రెండుసార్లు అడిగారు. చివరికి గరుకు కాగితంతో పని కానిచ్చాను.

నీలం మాత్రం రాజీపడలేదు. ప్రష్యన్ బ్లూ. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన రంగు, డచ్చి, చైనా ఓడల్లో నాగసాకికి చేరింది. మొదట్లో ఖరీదు. 1820ల చివరికి ధర దిగింది, అంతే, ఎడో బొమ్మలన్నీ నీలం తిరిగాయి. అంతకు ముందు నీలిమందు, లేదంటే ఒక పువ్వు నీలం. ఆ పువ్వు నీలం వెలుతురుకు, తేమకు వెలిసిపోయేది. ఇది వెలవదు, పలచన చేసినా తేజస్సు పోదు. 1830 ప్రాంతంలో ప్రచురణకర్త నిషిమురాయ ఫుజి కొండ బొమ్మల వరస మొదలుపెట్టి ఈ నీలాన్నే అమ్మకపు సరుకు చేశాడు. హొకుసాయ్ అల అందులోదే. 36 అని పేరు పెట్టి, గిరాకీ చూసి 46 దాకా లాగించాడు. కాబట్టి జపాన్ నీలం అని మనం మురిసిపోయేది యూరప్ దిగుమతి. తర్వాత పారిస్ చిత్రకారులు ఈ బొమ్మలు చూసి మోజుపడ్డారు!

ఆగస్టు

అచ్చు వేస్తున్నాను. పని వరస ఇదీ. అచ్చును తడి చెయ్యి. చిన్న కుంచెతో రంగు చుక్కలు పెట్టు. పక్కన బియ్యప్పిండి జిగురు ఒక చిన్న బొట్టు. రెండిటినీ గుర్రపు వెంట్రుకల బ్రష్‌తో గుండ్రంగా కలిపి, చివర్లో నార వెంట మెల్లగా సవరించు. జిగురు లేకపోతే రంగు ఇసక పోసినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. కావాలని అలా వేసేవాళ్లూ ఉన్నారు. కాగితాన్ని వేళ్ల మధ్య పట్టుకుని కెంటోలో ఆనించి వదులు. బారెన్‌కు ఒక చుక్క కొబ్బరి నూనె ముట్టించి, ఒంటి బరువు వేసి రుద్దు. ఎత్తు. రంగు కాగితం పైన కూర్చోదు, నారలోకి దిగుతుంది. వెనక తిప్పి చూస్తే బొమ్మ లీలగా కనిపించాలి. కనపడితే పడ్డట్టే.

అసలు పని మబ్బు దగ్గర మొదలైంది. మబ్బు ఏ అచ్చులోనూ లేదు. అక్కడ చెక్క ఉత్త చదును. దాన్ని తడి గుడ్డతో తుడిచి, బ్రష్‌కు ఒక మూలన మాత్రమే నలుపు ముట్టించి, పై అంచున అడ్డంగా అటూ ఇటూ ఆడిస్తూ కొద్దికొద్దిగా కిందకి జరగాలి. తడి తగిలిన కొద్దీ నలుపు తనే పలచబడి మాయమవుతుంది. తిన్నటి పట్టీ అయితే అలవాటు మీద వచ్చేస్తుంది. కానీ హిరోషిగే వానలో మబ్బు అడుగు తిన్నగా ఉండదు, ముద్దలుగా వేలాడుతుంది. దానికి గీత లేదు, గుర్తు లేదు, చెయ్యే ఆధారం. నీళ్లు ఒక చుక్క ఎక్కువైతే మబ్బు కింది వంతెన దాకా కారుతుంది. తక్కువైతే కత్తిరించి అతికించినట్టు అంచు తేలుతుంది. ప్రతి కాగితానికీ ఇదంతా మళ్లీ మొదటి నుంచి.

ఒక విడతకు 200 కాగితాలు తీసేవాళ్లంటారు. అంటే 200 మబ్బులు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియం ప్రతి, మెట్రోపాలిటన్ మ్యూజియం ప్రతి తెర మీద పక్కపక్కన పెట్టుకుని చూడండి, మబ్బు తేడా వెంటనే తెలుస్తుంది. ఇన్నాళ్లూ ఆ మబ్బును హిరోషిగే మూడ్ అనీ, ఆయన వాతావరణం అనీ పొగుడుతున్నాం. ఆ మబ్బు పేరు తెలియని ఒక అచ్చు పనివాడిది. అతను చేసిన బొమ్మ ఆ రోజుల్లో ఒకటి రెండు గిన్నెల నూడుల్స్ ఖరీదుకు దొరికేది. 2023 మార్చిలో హొకుసాయ్ అల ప్రతి ఒకటి న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 27.6 లక్షల డాలర్లు పలికింది.

సెప్టెంబరు

అచ్చులు తీగ మీద ఆరుతున్నాయి. కొన్ని పరవాలేదు. ఒక రెండు మూడింటిని చూస్తే నాకే ముచ్చటేసింది.

పని ఆపి వాన్ గో వైపు చూశాను. ఇదే వంతెన వానను ఆయన 1887లో పారిస్‌లో నూనె రంగుల్లో దించాడు. తనూ తమ్ముడు థియో కలిసి ఇలాంటి బొమ్మలు వందల్లో పోగేశారు. ఆయన చిత్రంలో చుట్టూ అంచున జపాన్ అక్షరాలుంటాయి, వేరే బొమ్మల్లోంచి ఎత్తి అలంకారంగా అద్దినవి. నీళ్లు చూడండి, కుంచె గుర్తులు ఒకదాని పక్కన ఒకటి లేచి ఉంటాయి. వాన గీతలు తీగల్లా పైకి తేలతాయి. హిరోషిగే దగ్గర వాన కాగితం లోపల ఉంటుంది. ఇంతకు ముందు ఈ రెండూ పక్కన పెట్టినప్పుడు వాన్ గోదే జోరుగా ఉందనుకునేదాన్ని. రెండు వాన అచ్చులు చెక్కాక నా ఓటు మారింది. ఆయన తీసుకున్నది చదును రంగు, పై నుంచి చూపు, అడ్డదిడ్డంగా కోసిన చట్రం. పారిస్‌లో చాలామంది తీసుకున్నది అదే. అమెరికన్ చిత్రకారిణి మేరీ కసాట్ మాత్రం 1890లో అక్కడ జపాన్ అచ్చుల పెద్ద ప్రదర్శన చూసొచ్చి, తనే రాగి రేకుల మీద రంగు అచ్చులు వెయ్యడానికి కూర్చుంది. ఆమె బొమ్మల్లో అచ్చు పని తెలిసిన చెయ్యి కనిపిస్తుంది.

జపాన్‌లోనే ఈ పని విభజన మీద పెద్ద చీలిక వచ్చింది. 1904లో యమమోతో కనాయె ఒక జాలరి బొమ్మను తనే గీసి, తనే చెక్కి, తనే అచ్చు వేశాడు. కళ అంటే ఇలా ఒక మనిషి చెయ్యాలి అని ఒక ఉద్యమమే లేచింది. ఇంకోవైపు ప్రచురణకర్త వతనాబే షోజబురో పాత నలుగురి పద్ధతినే కొత్త చిత్రకారులతో నడిపాడు. 1923 భూకంపంలో ఆయన దుకాణం, అచ్చులు కాలిపోతే మళ్లీ మొదలుపెట్టాడు. నేను అన్నీ ఒక్కదాన్నే చేసుకుంటున్నాను కాబట్టి కనాయె పక్షం ఉండాలి. పని చేసిన కొద్దీ వతనాబే వైపు జరుగుతున్నాను. నా గీత నాకు నచ్చింది, చెక్కుడు నడుస్తుంది, అచ్చు మాత్రం జీవితమంతా అదే చేసినవాడి చేతిలో పెడితే ఎలా ఉండేదో అనిపిస్తోంది.

ప్రస్తుతానికి వంతెన పసుపు ఇంకో వన్నె తగ్గించాలి. వాలు వాన అచ్చులో రెండు ధారలు అరిగాయి, కొత్త ముక్క కోయించాలి. ఆ తర్వాత హరునోబు కవుల సరదా మన లెక్కలో చెయ్యాలని ఉంది. వచ్చే ఉగాదికి ఒక క్యాలెండర్ బొమ్మ, ముప్ఫై రోజుల నెలల అంకెలు చీర కొంగు డిజైన్‌లో దాచి. అధిక మాసం వస్తే ఆ అంకెను ఎక్కడ దాచాలన్నది ఇంకా తేలలేదు. వాళ్లకూ అధిక మాసం ఉండేది, వాళ్లెలా చేశారో పాత క్యాలెండర్ బొమ్మలు వెతుకుతున్నాను.